కాలనీ గోడ మీద నెమలి బొమ్మలు వేయాలా, వరద గీత గీయాలా?

బుడమేరు_గట్టు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీదికి వచ్చినప్పుడు మునిగిన వీధుల్లో మాదీ ఒకటి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లకు ఆ రోజుల గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. కింది వాటాల వాళ్లందరం మేడల మీద తలదాచుకుని, పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం పడవల వైపూ డ్రోన్ల వైపూ చూస్తూ గడిపాము.

ఇప్పుడు మా వీధి చివర మురుగుకాలువ పక్కనున్న పొడవాటి ప్రహరీకి బొమ్మలు వేయించాలని కాలనీ సంఘం తీర్మానించి, ఇంటింటికీ చందా వసూలు చేసింది. నెమళ్లు, తామరపూలు, డాల్ఫిన్లు, పైన ‘పర్యావరణాన్ని కాపాడండి’ అనే నినాదం వేస్తారట. అదే గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో ఒక నీలి గీత గీయిద్దామని, దాని కింద వీధివాళ్లు చెప్పిన సంగతులనే బొమ్మలుగా వేయిద్దామని నేను సమావేశంలో అడిగాను. ఒకరు అపశకునం అన్నారు. మరొకరు ఇళ్ల ధరలు పడిపోతాయన్నారు. వీటికి జవాబు చెప్పగలిగాను గానీ, ‘నా ఇల్లు మునిగిన గుర్తును నేను రోజూ వాకిట్లోంచి చూడాలా నాయనా’ అని ఒక పెద్దావిడ అడిగితే ఏమీ చెప్పలేకపోయాను.

ఇలాంటి పని కాలనీవాళ్లే కలిసి చేసుకున్న చోట్లు ఎవరికైనా తెలుసా? వరద విషయంలో బొమ్మల వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

పాత_ఇంజినీరు

నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన వాడిని కనుక ఉన్నమాట చెబుతాను: గోడ మీది బొమ్మ ఒక్క చెంబెడు నీటిని కూడా ఆపదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ కాలువ ద్వారా వరద నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ రోజుల్లో కృష్ణ కూడా పోటెత్తి ఉంది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి, నీరు తన పాత దారి పట్టుకుని ఊరి మీదికి వచ్చింది. అదే సమయంలో కృష్ణలంకను కాపాడింది ఏమిటి? నది ఒడ్డున కట్టిన రక్షణ గోడ. చందా డబ్బులుంటే కాలువలో పూడిక తీయించండి, లేదా తీయమని అధికారుల చుట్టూ తిరగడానికి వాడండి.

కుంచె_పట్టిన_చేయి

ఇంజినీరు గారూ, పూడిక తీయించవలసింది ప్రభుత్వం. ఒక వీధి చందాతో బుడమేరు పూడిక పోదు. గోడలకు బొమ్మలు వేయడమే నా బతుకుతెరువు. నెమళ్లు, తామరపూలు అడిగేవారే నాకు ఎక్కువ. అయినా చెబుతున్నాను, బుడమేరు_గట్టు గారు అడిగినదే వేయదగిన బొమ్మ. నెమలి ఏ ఊరి గోడ మీదైనా ఉంటుంది. మీ వీధి గోడ మీద మీ వీధి సంగతే ఉండాలి.

చింతచెట్టు_నీడ

పాత_ఇంజినీరు గారి మాటలో సగానికి మాత్రమే ఒప్పుకుంటాను. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ వరదకు సుమారు 15 వేల మంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, ఆ తేదీన దాని కింద చేరి వరదను తలచుకునే నగరవాసులు కూడా ఉన్నారు. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇంజినీర్లు చేయవలసింది చేశారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. జలాశయాలు వచ్చాక నది అంటే భయం పోయింది, తరాలు మారాయి, నీరు ఎంతవరకు వచ్చిందో ఎరిగినవాళ్లు పోయారు, ఇళ్లు నదిగర్భం లోపలికే దిగాయి. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటకు తీసుకురావలసి వచ్చింది. మూసీ పొంగితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ఆ ఒడ్డున ప్రతి వీధిలో రాసి ఉంటే అన్ని ఇళ్లు లేచేవా అన్నది నా ప్రశ్న. ఆ ఎరుకను తరం నుంచి తరానికి చేరవేయడమే బొమ్మ చేయగల పని.

సొంతిల్లు_ఒకటే

సమావేశంలో ధరల మాట ఎత్తింది నేను కాదు గాని, అక్కడ ఉంటే నేనూ అదే అనేవాడిని. నాకున్నది ఒకే ఇల్లు, దాని మీద ఇంకా బ్యాంకు అప్పు ఉంది. కింది వాటా అద్దెతోనే వాయిదా కడుతున్నాను. వీధి మొదట్లోనే ‘ఇక్కడిదాకా నీళ్లు వచ్చాయి’ అని నీలిరంగులో రాసి పెడితే ఆ వాటాలో ఎవరు దిగుతారు? ఊరంతా మునిగింది కదా, గీత మాత్రం మా వీధికే ఎందుకు? కళ పేరుతో ఒకరి కడుపు కొట్టడం న్యాయం కాదు.

హడ్సన్_ఒడ్డున

బుడమేరు_గట్టు గారు అడిగిన నీలి గీతకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ న్యూయార్కులో ఉంది. 2007లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి బ్రూక్లిన్, దిగువ మన్‌హటన్ తీరాల వెంట సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తున ఉండే రేఖను వీధుల మీద నీలి సుద్దపొడితో గీశారు. బేస్‌బాల్ మైదానాల్లో గీతలు వేసే చిన్న తోపుడు యంత్రాన్ని నెట్టుకుంటూ దాదాపు 70 మైళ్లు నడిచారు. పెద్ద తుపాను వస్తే నీళ్లు ఇంతదాకా రావచ్చన్నది ఆ గీతకు అర్థం. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు నీళ్లు చాలాచోట్ల ఆ రేఖ దగ్గరికి చేరాయి.

ఆ పనిలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా అనిపించేది వేరే ఉంది. ఆవిడ గీస్తూ వెళుతుంటే జనం ఆపి, ఏమిటిది అని అడిగేవారు. ఆవిడ నిలబడి వివరించేవారు. సుద్దపొడి వానకు కొట్టుకుపోతుంది, మాట్లాడుకున్నది మిగులుతుంది. 2013లో మయామిలో ఇదే పనిని స్థానికులే చేతిలోకి తీసుకుని తమ వీధుల్లో గీసుకున్నారు.

సొంతిల్లు_ఒకటే గారి బాధ కూడా దీనితో కొంత తీరవచ్చు. గోడ మీద శాశ్వతంగా రాయకుండా ఏడాదికి ఒక రోజు సుద్దతో గీయవచ్చు కదా.

బుడమేరు_గట్టు

హడ్సన్_ఒడ్డున గారూ, సుద్ద సంగతి నాకు తట్టలేదు. మా ఆడవాళ్లు ముగ్గుపిండితో అరగంటలో వీధి పొడుగునా గీయగలరు. సెప్టెంబరు 1న ఇంటింటి ముందూ నీలి ముగ్గు వేయించవచ్చు. అయితే ముగ్గు నేల మీదే ఉంటుంది, నీటి ఎత్తు తెలియదు. ఆ ఎత్తే ముఖ్యమని నా పట్టుదల. మా ముందుగదిలో స్విచ్‌బోర్డు పైన జానెడు ఎత్తులో గోధుమరంగు చార ఒకటి ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా లోపలి నుంచి మళ్లీ తేలుతూనే ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలందరూ ముందు దాని గురించే అడుగుతారు.

అద్దెకుంటున్నాం

సొంతిల్లు_ఒకటే గారికి అద్దెకు ఉండేవారి తరఫున ఒక మాట చెప్పాలి. మేము 2024 జూన్‌లో అక్కడే ఒక కింది వాటాలో దిగాము. ఇదివరకు నీళ్లు వచ్చాయా అని ఇంటివారిని అడిగితే ఎప్పుడూ రాలేదన్నారు. 2005లో కూడా బుడమేరు పొంగి ఆ ప్రాంతాలు మునిగాయని తర్వాత పక్కింటివారు చెబితే తెలిసింది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే అక్కడ దిగేవాళ్లం కాదని నేను అనడం లేదు. అంతకు మించిన అద్దె ఇచ్చుకునే స్తోమత మాకు లేదు, బహుశా దిగేవాళ్లమే. కాని మా అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్లు, మా అత్తగారి మందులు, కుట్టుమిషను మంచం కింద ఉండేవి కావు. అటక మీద ఉండేవి. మీకు అద్దె పోతుందేమోనన్న భయం నాకు అర్థమైంది, నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ గీత లేకపోవడం వల్ల నష్టపోయేది ఎవరో కూడా లెక్కలోకి తీసుకోమంటున్నాను.

సొంతిల్లు_ఒకటే

అద్దెకుంటున్నాం గారూ, మీకు జరిగింది అన్యాయమే. నేనైతే అడిగినవారికి ఉన్నది ఉన్నట్టే చెబుతాను. నా అభ్యంతరం వీధి మొదట్లో పెట్టే బోర్డు గురించి మాత్రమే.

అడయార్_ఒడ్డు

చెన్నై తెలుగువారిలో ఒకడిని. బొమ్మలంటేనే అనుమానంగా చూడవలసిన ఉదాహరణ ఒకటి మా దగ్గర ఉంది. ఊరికి దక్షిణాన కణ్ణగి నగర్ అని పెద్ద పునరావాస కాలనీ ఉంది. కూవం, అడయార్ ఒడ్డుల నుంచి, ఇతర మురికివాడల నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలను 2000 నుంచి తెచ్చి అక్కడ పెట్టారు. అది పళ్ళికరణై చిత్తడి నేలకు దగ్గర. 2020లో అక్కడి బహుళ అంతస్తుల గోడల మీద పేరున్న కళాకారులతో భారీ చిత్రాలు వేయించి, దానికి ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. చిత్రాలు చాలా బాగుంటాయి. అంతకుముందు ఆ కాలనీ పేరు చెబితే పని ఇవ్వని వాళ్లు ఉండేవారని, ఇప్పుడు ఊరివాళ్లు చూడటానికి వస్తున్నారని అక్కడివాళ్లు సంతోషించిన మాట కూడా నిజం.

అయితే ఆ గోడల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. నది ఒడ్డున ఉంటే వరద ముప్పు అని చెప్పి తరలించిన పేదలను చిత్తడి నేల పక్కన ఎందుకు పెట్టారు, అదే నదుల ఒడ్డున పెద్ద కట్టడాలు మాత్రం ఎలా నిలిచాయి? చిరునవ్వు ముఖాల బొమ్మలు ఈ ప్రశ్న అడగవు. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం జలాశయం నుంచి వదిలిన నీరు అడయారును ముంచెత్తినప్పుడు మా వీధి ఏమైందో నాకు తెలుసు కనుక, గోడ ఎంత అందంగా ఉందో చూసి తృప్తి పడలేను. మీ సంఘం వారి డాల్ఫిన్లు ఎవరినీ నొప్పించవు. ఎవరినీ ఏమీ అడగవు కూడా.

కెరె_పక్కిల్లు

అడగడం అంటే గుర్తొచ్చింది. 2015లో బెంగళూరు సుల్తాన్‌పాళ్యలో ఒక పెద్ద గుంతలో చాలాకాలంగా నీళ్లు నిలిచిపోయి ఉండేవి. బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు ఆ గుంత చుట్టూ చెరువులా రంగు వేసి, నిలువెత్తు ఫైబర్ మొసలిని తెచ్చి అందులో పడుకోబెట్టాడు. పత్రికలన్నీ ఫొటో వేశాయి, కొద్ది రోజుల్లోనే గుంత పూడ్చారు. ఎన్ని అర్జీలకూ కదలని పని అది. మీ గీత కింద పూడిక ఎప్పుడు తీస్తారో అడిగే గడి ఒకటి ఉంచండి. ఏటా వానాకాలానికి ముందు అందులో తేదీ రాయండి.

పాత_ఇంజినీరు

నేను ఉద్యోగంలో ఉండగా మా కార్యాలయం గోడ మీద ఎవరైనా అలాంటి గడి గీసి ఉంటే మాకు చిరాకు వచ్చేదేమో గాని, ఫైలు మాత్రం కదిలేది. ఈ మాట వరకు కెరె_పక్కిల్లు గారితో ఏకీభవిస్తాను.

ఇక గీత గీయాలనే నిర్ణయిస్తే దాన్ని సరిగ్గా గీయండి. ఒక్కొక్కరు తమకు మోకాలి లోతు వచ్చిందని, నడుము లోతు వచ్చిందని చెప్పినదాన్ని బట్టి గీస్తే గీత వంకరటింకరగా వస్తుంది, ఎవరూ నమ్మరు. మీ దగ్గర నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలిచాయి. కాబట్టి ఒక వీధి వరకు మట్టం దాదాపు సమానంగానే ఉంటుంది, మారేది నేల ఎత్తుపల్లాలే. మీ ఇంట్లో తేలుతున్న ఆ చారను ఆధారం చేసుకోండి. మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం తెలుసు కదా, లోపలి నీరు కనబడే ప్లాస్టిక్ గొట్టం. గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఆ చార దగ్గర పట్టుకుని, రెండో కొసను కిటికీలోంచి బయటి గోడకు తీసుకువెళితే, రెండు కొసల్లో నీరు ఎక్కడ నిలుస్తుందో అదే మీ మట్టం. అలా ఇంటి నుంచి ఇంటికి మోసుకుపోండి. ఇంకో రెండు ఇళ్లలోని చారలతో సరిచూసుకోండి. అప్పుడు అది కార్పొరేషన్ ఇంజినీరు ముందు కూడా నిలబడే కొలత అవుతుంది.

బడిలో_సైన్స్

ఇది చదివి నాకు చాలా ఉత్సాహం కలిగింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఆ గొట్టం పనిని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు అప్పగించండి. ద్రవం తన మట్టం తాను వెతుక్కుంటుందని పుస్తకంలో చదివి మరచిపోయే పిల్లలు, తమ వీధి గోడ మీద తామే దాన్ని చూసి గుర్తు పెట్టాక జన్మలో మరచిపోరు. గీత కింద వేసే బొమ్మల కోసం కూడా వాళ్లనే ఇంటింటికీ పంపండి. పిల్లలు అడిగితే పెద్దవాళ్లు మనసు విప్పి చెబుతారు. సంఘం వాళ్లు కాగితం పట్టుకుని వెళితే ఎంత నష్టపరిహారం రాలేదో మాత్రమే చెబుతారు.

బయూ_నగరం

హ్యూస్టన్‌లో వాన నీటి కాలువల మూతుల దగ్గర, ఇందులో ఏమీ పారబోయకండి, ఇది నేరుగా బయూలోకి (అక్కడి మందగమనపు వాగులోకి) పోతుందని చెప్పే చిన్న పలకలు అతికిస్తారు. చాలా పేటల్లో అతికించేది స్వచ్ఛంద సేవకులే. ఇంకొన్ని నగరాల్లో మూత చుట్టూ చేపలు, తాబేళ్లు వేస్తారు. బడిలో_సైన్స్ గారి పిల్లలకు ఇది కూడా అప్పగించవచ్చు: జాలీ దగ్గర చేప బొమ్మ వేసి, ‘ఈ నీరు కొల్లేరుకు పోతుంది’ అని రాస్తే చాలు. పాలిథిన్ సంచి విసిరే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది. పూడిక సమస్యలో సగం చెత్తే కదా.

తూము_దగ్గర

హైదరాబాదు పాతబస్తీ వైపు వాళ్లం. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు కొట్టుకుపోయినంత పని అయింది. మాకు గోడ మీద గీతకన్నా రోడ్డు మీద గీత అవసరం. చెరువు పూర్తి నీటిమట్టం ఎక్కడి దాకా ఉందో ఆ హద్దును తారురోడ్డు మీద రంగుతో గీస్తే, స్థలం కొనడానికి వచ్చినవాడు తాను చెరువులో నిలబడ్డాడని తెలుసుకుంటాడు.

చింతచెట్టు_నీడ

తూము_దగ్గర గారూ, ఆ పని చేస్తే అధికారికంగా నోటిఫై చేసిన హద్దునే తీసుకోండి. సొంత అంచనాతో గీస్తే కోర్టులో మీదే తప్పు అవుతుంది. ఇంకో మాట: అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను తవ్వి నీళ్లు రప్పించాక, 2025 సెప్టెంబరులో అక్కడ మళ్లీ బతుకమ్మ ఆడారు. బస్తీ ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు పేర్చడాన్ని మించిన సామూహిక కళ మనకు ఇంకొకటి ఉందని నేను అనుకోను. పూలు పేర్చాక నిమజ్జనానికి నీళ్లుండాలి. ఏటా ఆ నీటి దగ్గరికి పదిమంది వెళ్లే కుంటను కబ్జా చేయడం అంత తేలిక కాదు. మీ నీలి ముగ్గును కూడా ఏటా వచ్చే ఒక ఆనవాయితీగా మార్చండి. ఒక్కసారి వేసి వదిలేస్తే ఎవరికీ గుర్తుండదు.

కుంచె_పట్టిన_చేయి

పెద్దావిడ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నాకు తోచింది చెబుతాను. గీత ఆవిడ వాకిలికి ఎదురుగా రానివ్వకండి, గోడ అటు చివర నుంచి మొదలుపెట్టండి. ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ రోజుల్లో మీకు ఎవరు సాయం చేశారని అడగండి. నీళ్లలో మునిగిన ఇంటి బొమ్మ వేయనక్కరలేదు. మేడ మీద నుంచి తాడుతో బకెట్టు దింపిన మనిషిని, నడుము లోతు నీళ్లలో గ్యాస్ బండ మోసిన కుర్రవాడిని వేయవచ్చు. వాకిట్లో నుంచి చూడదగిన బొమ్మ ఏదో ఆవిడే చెబుతారు. ఒకవేళ ఏదీ వద్దంటే ఆ భాగం తెల్లగా వదిలేయండి, అక్కడ నెమలి కూడా వద్దు.

రంగుల విషయం కూడా చెప్పాలి. వరదలో నానిన గోడకు పుట్టీ పెట్టించవద్దు. చెమ్మకు ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది. చౌడు పట్టిన పెళ్లలు గీకించి, పూర్తిగా ఆరనిచ్చి, సున్నం మీద వేయండి. ఆయిల్ పెయింటు గోడను ఊపిరాడనివ్వదు, పెచ్చులన్నీ కాలువలోకే పోతాయి. గీత ఒక్కటి మాత్రం రంగుతో వద్దు. నీలి పింగాణీ పెంకులు సిమెంటులో పొదిగించండి, వానకు పోదు.

డాన్యూబ్_దగ్గర

పింగాణీ పెంకుల సలహా బాగుంది. జర్మనీలోని పస్సావు పట్టణంలో నగర సభాభవనం గోడ మీద శతాబ్దాల వరద మట్టాలు ఒకదాని పైన ఒకటి గుర్తు పెట్టి ఉంటాయి. 2013లో నీరు 12.89 మీటర్లకు చేరిందని కూడా అక్కడే కనబడుతుంది. దాని ముందు పర్యాటకులు ఫొటోలు దిగుతారు, పక్కనే దుకాణాలు నడుస్తాయి, జనం అద్దెలకు ఉంటూనే ఉన్నారు. సొంతిల్లు_ఒకటే గారు ఇది గమనించాలి.

సొంతిల్లు_ఒకటే

అక్కడ బీమా ఉంటుంది, అడిగే నాథుడు ఉంటాడు. మన దగ్గర నష్టమంతా ఇంటివాడి నెత్తినే పడుతుంది. అయినా ఒక మెట్టు దిగుతాను: గీత మా ఒక్క వీధికే కాకుండా మునిగిన అన్ని వీధుల్లోనూ, వార్డు సచివాలయం గోడ మీద, బడి గోడ మీద కూడా పెట్టిస్తామంటే నేను వ్యతిరేకించను. అందరికీ ఉంటే అది ఒకరి ఇంటి మచ్చ కాదు. మొదటి గీత బడి గోడ మీద గీయండి, మా వీధి వంతు తర్వాత.

అద్దెకుంటున్నాం

ఇది న్యాయమైన మాట. దానికి తోడు గీత పక్కన దగ్గరలోని మెరక ఎటు ఉందో బాణం గుర్తు వేయండి. ఆ రాత్రి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ వైపు పోవాలని మాకు చెప్పినవారు లేరు.

బుడమేరు_గట్టు

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. వచ్చే సమావేశంలో పెట్టబోయేది ఇది: మొదటి గీత బడి గోడ మీద, పిల్లల చేత, లెవెల్ గొట్టంతో, దాని పక్కన తేదీ, నేల నుంచి లోతు, మెరక వైపు బాణం, పూడిక తీసిన తేదీ రాసే గడి. ప్రహరీ బొమ్మల సంగతి పెద్దావిడతో మాట్లాడాకే తేలుస్తాము. నెమళ్లు కావాలనేవారికి గోడలో కొంత భాగం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, చందా వాళ్లూ ఇచ్చారు. కుంచె_పట్టిన_చేయి గారూ, పని ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

కుంచె_పట్టిన_చేయి

సంక్రాంతి వెళ్లాక. అప్పటికి గోడ ఆరుతుంది, మార్చి ఎండలు ముదరకముందే పూర్తవుతుంది. పెంకులు ఒకే బట్టీలో కాల్చినవి తీసుకోండి, లేకపోతే నీలంలో తేడా వస్తుంది.

పాత_ఇంజినీరు

సంక్రాంతికి నేను విజయవాడలోనే ఉంటాను. లెవెల్ గొట్టం నా దగ్గర ఉంది. ఏ బడి అన్నది ముందుగా చెప్పండి, హెడ్‌మాస్టరు గారి అనుమతి కాగితం కూడా ఇప్పుడే తీసుకుని ఉంచండి.